గోడవైపు ఎవరు చూస్తరు

మా ఇంట్లో మొదటి స్పీకర్ బాక్సు వడ్రంగి చేసింది కాదు, కుమ్మరి చేసింది. మా బాపు వడ్రంగి పని చేసే మనిషే అయినా సంగతి మాత్రం అదే.

1986 ప్రాంతం. వరంగల్ కొత్తవాడలో ఉండేవాళ్లం. మా వాడకట్టు నిండా మగ్గాలే, జంపఖానాలు నేసే ఇళ్లే. బాపుకు దర్వాజలు, కిటికీల పని ఎంత ఉండేదో మగ్గాల మరమ్మతు కూడా అంతే ఉండేది. పొద్దున లేస్తే ఒక చెవిలో మగ్గాల టకటక, ఇంకో చెవిలో బాపు చిత్రిక పట్టే రందా చప్పుడు. ఈ రెండింటి మధ్య పాట వినాలంటే మా పాత రేడియో గొంతు చాలేది కాదు. రేడియో రిపేర్ షాపులో పక్కన పడేసిన ఆరంగుళాల స్పీకర్ ఒకటి పదిహేను రూపాయలకు తెచ్చుకున్నాను. దాని అట్ట ఒకచోట చిరిగితే సిగరెట్ పెట్టె కాగితం అతికించి ఉంది. బల్ల మీద బోర్లా పెడితే ఒక తీరుగా, వెల్లకిలా పెడితే ఇంకో తీరుగా మోగేది. రెండూ దరిద్రంగానే ఉండేవి.

కుండ మూతి మీద పెట్టి చూడమని ఎవరో చెప్పారు. అప్పట్లో మా దిక్కు ఊళ్లల్లో పాటల పిచ్చి ఉన్న పిల్లగాడి ఇంటికి పోతే మూలన ఒక కుండ, దాని మూతి మీద వెల్లకిలా ఒక స్పీకర్ కనిపించేవి. ఎండాకాలం అయిపోయి అటకెక్కిన మంచినీళ్ల కుండ దించి, మూతి చుట్టూ సైకిల్ ట్యూబు ముక్క వేసి, పైన స్పీకర్ కూర్చోబెట్టాను. నిజంగానే గొంతు మారిపోయింది. డోలక్ దెబ్బ కడుపులో తగిలింది. కాకపోతే ఘంటసాల బావిలోకి దిగి పాడుతున్నట్టుండేది. మా నాయనమ్మ రెండు రోజులు విని, "గా పెద్దమనిషిని కుండల ఎందుకు పెట్టినవ్ రా, బయటికి తియ్యి" అంది.

కుండ ఎందుకు పనిచేసిందో, ఎందుకు బావి గొంతు వచ్చిందో రెండేళ్ల తర్వాత తెలిసింది. నేను అప్పటికి పాలిటెక్నిక్‌లో చేరాను. మా వాడకట్టు అన్న ఒకాయన కాజీపేట దగ్గర ఆర్ఈసీలో ఇంజినీరింగ్ చదివేవాడు (ఇప్పటి ఎన్ఐటీ అదే). అరుగు మీద కూర్చుని బొగ్గుముక్కతో గీసి చూపించాడు. స్పీకర్ అట్ట ముందుకు వచ్చినప్పుడు ముందు గాలిని నెడుతుంది, అదే క్షణంలో వెనక గాలిని గుంజుతుంది. సన్న శబ్దాలకు ఇబ్బంది లేదు. లావు శబ్దాలతోనే తంటా. 50 హెర్ట్జ్ శబ్దం ఒక్క అల పొడవు దాదాపు 7 మీటర్లు. ఎనిమిదంగుళాల స్పీకర్ అంచు చుట్టి వెనక అల ముందుకు రావడం దానికి లెక్కే కాదు. వచ్చి ముందు అలను తినేస్తుంది. అందుకే బాక్సు. వెనక అలను లోపలే కట్టి పడెయ్యాలి. కుండ చేసింది అదే, కానీ గుండ్రటి కడుపు కాబట్టి ఒక్క స్వరం దగ్గర అది తానే పాడటం మొదలుపెడుతుంది.

"మరి ఎంత పెద్ద బాక్సు కావాలి?" అంటే ఆయన తల గోక్కున్నాడు. ఆస్ట్రేలియాలో థీల్ అనే ఇంజినీరు 1961లోనే దీనికి లెక్కలు కట్టాడట, స్మాల్ అనే ఇంకొకాయన 1970ల మొదట్లో వాటిని ఇంకా విస్తరించాడట. స్పీకర్‌కు సంబంధించిన మూడు నాలుగు అంకెలు తెలిస్తే బాక్సు ఎన్ని లీటర్లుండాలో కాగితం మీద తేల్చుకోవచ్చు. మేం కొన్న స్పీకర్ వెనక చూస్తే 8 ఓమ్స్ అన్న ముద్ర తప్ప ఇంకే అంకే లేదు. చివరికి అన్న "ఎనిమిదంగుళాల దానికి ముప్పై అయిదు లీటర్లు పెట్టుకో, చెడిపోదు" అన్నాడు. థీల్‌గారి లెక్క మా కొత్తవాడలో అలా తేలింది.

ఆ స్పీకర్లు కొనడానికి గోల్కొండ ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాద్ పోయి, కోఠి గుజరాతీ గల్లీ అంతా తిరిగాను. ఎనిమిదంగుళాలవి రెండు, సన్న శబ్దాలకు చిన్న స్పీకర్లు, అంటే ట్వీటర్లు రెండు. వచ్చేటప్పుడు బోగీలో సీటు దొరికినా కూర్చోలేదు. అయస్కాంతం ఎవరి ట్రంకు పెట్టెకో అంటుకుంటుందని భయం. యాంప్లిఫయర్ నేనే కట్టుకున్నాను, 2ఎన్3055 ట్రాన్సిస్టర్లతో. దాని కథ వేరే ఉంది, అందులో రెండు సార్లు పొగ కూడా ఉంది. ఇప్పుడు వద్దు.

కట్టె పని దగ్గరికొస్తే ఇంట్లోనే వడ్రంగి ఉన్నాడు కదా అనుకున్నాను. బాపుకు బొమ్మ గీసి ఇచ్చాను. లోపలి కొలత ఎత్తు 18 అంగుళాలు, వెడల్పు 12, లోతు 10. గుణిస్తే 2160 ఘనపుటంగుళాలు, అంటే ముప్పై అయిదు లీటర్ల చిల్లర. ఆరు సూతుల ప్లైవుడ్ అని రాశాను. మాకు సూతు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. ఆరు సూతులంటే పందొమ్మిది మిల్లీమీటర్లు.

బాపు కాగితం చూసి ప్లైవుడ్ అన్న మాట మీద వేలు పెట్టాడు.

"గిదేంది?"

"ప్లై పెట్టాలంట బాపూ."

"ఏటూరునాగారం టేకు ఇంట్ల పెట్టుకొని అతుకుల బొంతతోని చెయ్యాల్నా? మంది నవ్వుతరు."

బాపుకు ప్లై అంటే అంత చులకన. ఒక దర్వాజ పని నుంచి మిగిలిన పలకలున్నాయి. వాటిని రందా పట్టి, రెండేసి పలకలు అంచులు కలిపి అతికి, పన్నెండంగుళాల వెడల్పు తెచ్చి, సంక్రాంతి లోపల రెండు బాక్సులు నిలబెట్టాడు. అవి చూడ్డానికి గుడిలో పెట్టెల్లా ఉన్నాయి. మూలల దగ్గర గోరు దూరే సందు లేదు. నేను మాత్రం ఒక్కటే పట్టు పట్టాను: ఎక్కడా గాలి పోకూడదు, ముందు పలక చుట్టూ ఫెవికాల్ పెట్టి బిగించాలి. బాపు ఆగి నా వైపు చూశాడు. "తలుపుల పలకకు సందు ఇడుస్తం. దానికి ఊపిరాడాలె" అన్నాడు. ఊపిరి ఆడకూడదనే కదా బాక్సు కడుతున్నది అన్నాను నేను. చదువుకున్న కొడుకు చెప్తున్నాడని కాబోలు, పెట్టాడు.

ఏప్రిల్ చివర, మధ్యాహ్నం పూట, యాంప్లిఫయర్ కూడా వెయ్యలేదు, ఇంట్లో ఠప్పున ఒక చప్పుడు. కుడి బాక్సు ముందు పలక పై అంచు నుంచి స్పీకర్ రంధ్రం దాకా నెర్రె విచ్చింది. పాట పెడితే బేసు వచ్చిన ప్రతిసారీ ఆ నెర్రె జర్‌ర్‌మని పలికేది. మే నెలలో రెండోది కూడా విచ్చింది. కట్టె పొడుగు దిక్కు కుంచించుకోదు, అడ్డం దిక్కు కుంచించుకుంటుంది. వరంగల్ ఎండలో పన్నెండంగుళాల పలక తన పద్ధతిలో తాను ముడుచుకోబోతే, పైనా కిందా అడ్డంగా ఉన్న పలకలు ఫెవికాల్‌తో పట్టుకుని పోనివ్వలేదు. ఇక చీలక ఏం చేస్తుంది. తలుపు పలక గాడిలో వదులుగా కూర్చునేది ఇందుకే అని బాపుకు పుట్టినప్పటి నుంచి తెలుసు. నాకు తెలియదు, నోరు మాత్రం నాదే పెద్దది.

బాపు నన్ను ఏమీ అనలేదు. రెండు రోజులు ఆ నెర్రె మీద బొటనవేలు పెట్టి చూస్తూ బీడీ కాల్చాడు. మూడో రోజు తనే అన్నాడు: "ఊపిరాడొద్దు అంటె, ఊపిరి తీసుకోని కట్టె కావాలె. నీ ప్లై తేపో." ప్లైలో ఒక పొర నిలువు, ఒక పొర అడ్డం ఉంటాయి కాబట్టి ఏ పొరా తన ఇష్టం వచ్చినట్టు కదల్లేదు. ఈ ముక్క నేను ఆయనకు చెప్పలేదు. దుకాణంలో ప్లై అంచు చూసి ఆయనే చెప్పాడు.

రెండో జత పనిలో నాకు అన్నిటికంటే గుర్తున్నది బాపు వేలి గణుపు. బాక్సు నాలుగు గోడలు నిలబెట్టాక, పైనుంచి కింది దాకా గణుపుతో కొట్టుకుంటూ వచ్చేవాడు, పచ్చి కుండో కాల్చిన కుండో చూసే కుమ్మరి లాగా. టక్, టక్, టక్, డొబ్. ఆ డొబ్ అన్నచోట పెన్సిల్‌తో గుర్తు. అక్కడ లోపలి నుంచి ఒక అడ్డకర్ర పెట్టి, అటు గోడకూ ఇటు గోడకూ కలిపి బిగించేవాడు. మళ్లీ గణుపు. స్పీకర్ పాడాలి, బాక్సు పాడకూడదు అని ఆర్ఈసీ అన్న నాకు అరగంట చెప్పిన పాఠం ఇదే. బాపు దాన్ని చప్పుడు విని పట్టేశాడు. పాత బాక్సుల టేకు ముక్కలే ఈ అడ్డకర్రలయ్యాయి. నెర్రె విచ్చిన టేకును చివరికి బాక్సు లోపలైనా పెట్టించుకున్నాడన్నమాట.

స్పీకర్ రంధ్రం కోయడానికి మేకు, దారం, పెన్సిల్‌తో వృత్తం గీసి, బర్మాతో నాలుగు బెజ్జాలు పెట్టి, సన్న రంపంతో తిప్పుకుంటూ వచ్చాం. లోపల పరచడానికి దూది కావాలి. వరంగల్‌లో దూదికి కరువా, ఎనుమాముల మార్కెట్ ఉన్న ఊరు. పరుపులకు దూది ఏకే తాత దగ్గర కిలో ఏకించుకుని, పలచని గుడ్డ సంచుల్లో కుట్టి, లోపలి గోడలకు చిన్న మొలలతో కొట్టాం. తాత "ఎవరికి పరుపు?" అని అడిగితే బాపు "పాటకు" అన్నాడు. తాతకు అర్థం కాలేదు, అయినా పది పైసలు తగ్గించలేదు.

ముందు భాగంలో గాలి గొట్టం పెట్టే ఆలోచన కూడా అప్పుడే వచ్చింది. అన్న పుస్తకంలోంచి సూత్రం తెచ్చాడు కానీ, అది నా మెదడుకెక్కింది కల్లు లొట్టితో. ఆదివారం బాపు తాగి ఖాళీ చేసిన లొట్టి మూతి మీద ఊదితే బూ... అని లావుగా మోగింది. సగం నీళ్లు పోసి ఊదితే గొంతు సన్నబడింది. కడుపు పెద్దదైతే లావు, చిన్నదైతే సన్నం. మెడ పొడుగైతే ఇంకా లావు. బాక్సుకు రెండంగుళాల పీవీసీ పైపు మెడలా పెడితే, ఆ బూ అన్న స్వరం దగ్గర స్పీకర్‌కు అది తోడు పాడుతుంది. పైపును మొదట పొడుగ్గా పెట్టి, అంగుళం అంగుళం కోసుకుంటూ చెవితో చూసుకున్నాం. లెక్క ప్రకారం 40 హెర్ట్జ్ చుట్టుపక్కల పడి ఉండాలి. మా చెవి ప్రకారం, డప్పు డప్పులా మోగినచోట ఆపేశాం.

ఇక వినీర్, అంటే పైన అతికే పలచని కట్టె పొర.

ప్లైవుడ్ బాక్సు అందంగా ఉండదు. దాని మీద పెయింట్ వేద్దాం అన్నాను. బాపు మొహం చిట్లించాడు, కట్టెకు రంగు వేయడమంటే ఆయనకు ఆడపిల్లకు గుండు కొట్టించినట్టే. హైదరాబాద్‌లో ప్లైవుడ్ దుకాణం నుంచి టేకు వినీర్ ఆకులు చుట్టగా చుట్టి తెచ్చాను. ఒక్కో ఆకు అర మిల్లీమీటర్ మందం ఉంటుందేమో. బాపు వెలుతురుకు పెట్టి చూసి, "గిది కట్టెనా, ఉల్లిగడ్డ పొరనా?" అన్నాడు. మొఖానికి పౌడర్ అద్దే పని అన్నాడు. అంటూనే ఆకుల్ని నేల మీద వరసగా పరిచాడు. పరిచాక ఆయన గొంతు మారింది. అవన్నీ ఒకే దుంగలోంచి ఒకదాని వెంట ఒకటి చెక్కినవి. ఒక ఆకులో ఉన్న చార పక్క ఆకులో కూడా అక్కడే ఉంది, వెంట్రుకవాసి జరిగి. ఒకదాన్ని తిరగేసి పక్కన పెడితే పుస్తకం తెరిచినట్టు రెండు పేజీలు ఎదురెదురుగా నిలిచాయి. "ఒక్కటే చెట్టురా" అన్నాడు. ఎడమ బాక్సుకు ఒక పేజీ, కుడి బాక్సుకు దాని జోడు పేజీ అని అప్పుడే నిర్ణయించేశాడు. సుద్దముక్కతో ప్రతి ఆకు వెనక అంకె వేశాడు. బాక్సుకు అయిదు ముఖాలు, కింది భాగం వదిలేస్తే. నేను తెచ్చింది సరిగ్గా అంతకు సరిపడానే. ఒక్క ముక్క ఎక్కువ లేదు.

అతికించడం ఎలా? రబ్బర్ సొల్యూషన్ పెడితే తాకిన చోటే పట్టేస్తుంది, ఒక్క సూతు పక్కకు జరపడానికి కూడా ఉండదు. బాపు వాళ్ల తాత కాలంలో సరేసు (తోళ్లు, ఎముకలతో చేసే జిగురు) కాచి, వేడి ఇస్త్రీ పెట్టెతో రుద్ది పలచని చెక్కలు అతికేవాళ్లట. సరేసు కంపు ఇంట్లో పడనివ్వనని అమ్మ అంది. "ఫెవికాల్‌తోని గదే పని చేద్దాం" అన్నాడు బాపు.

ఫెవికాల్‌లో చుక్క నీళ్లు కలిపి ప్లై మీద ఒక పూత పూసి ఆరబెట్టాం. వినీర్ ఆకు వెనక ఇంకో పూత. పూసీ పూయగానే ఆకు దోసెలా చుట్టుకుపోయింది. నేను హడలిపోయాను. బాపు తడిగుడ్డతో రెండో వైపు తుడిచాడు. రెండు వైపులా తడి సమానం కాగానే ఆకు మెల్లగా, ఆవులించి లేచినట్టు, తనంతట తానే చాపుకుంది. రెండు పూతలూ వేలికి అంటనంత ఆరాక, ఆకును ప్లై మీద పెట్టి, చుట్టూ అరంగుళం బయటికి వదిలి, పైన పాత పంచె గుడ్డ పరిచి, నడుమ నుంచి అంచులకు ఇస్త్రీ పెట్టెతో నొక్కుకుంటూ పోవాలి. వేడికి ఆరిన ఫెవికాల్ మళ్లీ మెత్తబడి ఒకదానికొకటి పట్టుకుంటుంది. వేడి ఆరే లోపల కట్టెముక్కతో రుద్దాలి.

ఇస్త్రీ పెట్టె మాది కాదు. గల్లీ మొదట బండి పెట్టుకుని ఇస్త్రీ చేసే కాకది, బొగ్గులది, ఎత్తితే మణికట్టు నొప్పి పుట్టేంత బరువు. ఆదివారం మధ్యాహ్నం పన్నెండింటికి ఇచ్చి, ఆజంజాహి మిల్లు సాయంత్రం సైరన్ మోగే లోపల తెచ్చివ్వమన్నాడు. ఆ బరువే మాకు వరం. చెయ్యి నొక్కక్కర్లేదు, నడిపిస్తే చాలు.

అతికిన ప్రతి ముఖాన్నీ బాపు గోటితో గీసి చూసేవాడు. వేళ్లు మడిచి, గోళ్లను చెక్క మీద ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా లాగేవాడు. సర్‌ర్... అని ఒకే తీరుగా వస్తే పట్టినట్టు. మధ్యలో తప్ మని బోలు చప్పుడు వస్తే అక్కడ గాలి బుడగ ఉన్నట్టు. ఎడమ బాక్సు పక్క ముఖం మీద అలా ఒకటి దొరికింది, రూపాయి బిళ్లంత. ఇస్త్రీతో రెండుసార్లు రుద్దినా పోలేదు. బాపు బ్లేడుతో చార వెంటే, చార దాటకుండా, గోరంత గాటు పెట్టాడు. పక్కింటి కంపౌండర్ దగ్గర తెచ్చిన సిరంజీతో రెండు చుక్కల ఫెవికాల్ లోపలికి పంపి, పైన కాగితం, కాగితం మీద ఇస్త్రీ పెట్టె అట్లనే నిలబెట్టాడు. ఆ గాటు ఇవాళ్టికీ ఎక్కడుందో నాకు తెలుసు. ఇంకెవరికీ దొరకదు. నేనే ఒక్కోసారి వెతుక్కోవాల్సి వస్తుంది.

చివరిగా కుడి బాక్సు పై ముఖం. దాని తర్వాత ఒక్క వెనక ముఖమే మిగిలింది. అప్పటికి బొగ్గులు నీరసించాయి. టైమ్ అయిపోతోందన్న టెన్షన్‌లో నేను పెట్టె పక్కకు తీయకుండా, బాక్సు మీదే ఉంచి, దాని బొక్కల్లోంచి గట్టిగా ఊదాను. నిప్పురవ్వలు లేచాయి. గుడ్డ మీద ఒకటి, గుడ్డ అవతల కొత్త వినీర్ మీద రెండు. ఊది ఆర్పే సరికే రెండు నల్లటి చుక్కలు, ఒక్కొక్కటి మినపగింజంత, చుట్టూ గోధుమరంగు వలయం. పాలిష్ పేపర్‌తో రుద్దితే పోతుందేమో అన్నాను. అర మిల్లీమీటర్ చెక్కలో రుద్దడానికి ఏముంటుంది.

బాపు పై ముఖాన్ని మళ్లీ ఇస్త్రీతో వేడి చేసి, కత్తి మొన దూర్చి, ఆకును అంచు నుంచి లేపాడు. బెల్లం పాకం తీగలా సాగుతూ ఊడి వచ్చింది. వెనక ముఖానికని అంకె వేసి పెట్టిన ఆకు తీసుకుని పై ముఖానికి కోశాడు. నేను "మరి వెనక?" అన్నాను.

"గోడవైపు ఎవరు చూస్తరు" అన్నాడు.

ఈ మాట అన్నది బాక్సు లోపల, దూది వెనక, ఎవరికీ కనపడని అడ్డకర్రకు కూడా రందా పట్టిన మనిషి. అంతకు ముందుగానీ ఆ తర్వాతగానీ ఆయన నోట ఆ మాట నేను వినలేదు. సైరన్ మోగేటప్పటికి ఇస్త్రీ పెట్టె ఆ కాక బండి మీద ఉంది.

మిగతా పని గబగబా చెప్పేస్తాను. అంచులు బ్లేడుతో కోసి, ఆకురాయి బాక్సు వైపుకే తోస్తూ సాపు చేశాం, వెనక్కి గుంజితే చెక్క లేచిపోతుంది. చప్డా లక్కను రాత్రంతా స్పిరిట్‌లో నానబెట్టి, దూది పొట్లంతో సున్నాలు చుడుతూ పాలిష్ పెట్టాం. ముసురు పట్టిన రోజు పెడితే తెల్లబారుతుందని రెండు రోజులు ఆగాల్సి వచ్చింది. ముందు కట్టడానికి నల్ల గుడ్డ మగ్గం నేసే పెదనాయన ఇచ్చాడు. దాన్ని మూతికి అడ్డంపెట్టి ఊది చూసి, ఊపిరి పోతే పాట కూడా పోతుందని పరీక్ష. ట్వీటర్‌కు లావు శబ్దం పోకుండా కెపాసిటర్ ఉండాలి. మామూలు ఎలక్ట్రోలిటిక్ పనికిరాదు, అందుకని 10 మైక్రోఫారడ్‌లవి రెండు వెనకా వెనకా కలిపి ఒకటి 5 చేసుకున్నాను. 8 ఓమ్స్ ట్వీటర్‌కు అది 4000 హెర్ట్జ్ దగ్గర గేటు వేస్తుంది. అవన్నీ బిగించి పాట పెడితే బేసు లేదు! రెండు బాక్సులూ విడివిడిగా మోగిస్తే ఉంది, కలిపి మోగిస్తే మాయం. వైర్లు ఒకదానికి తిరగబడ్డాయి. టార్చి సెల్లు ఒకటి స్పీకర్ వైర్లకు తాకించి, అట్ట ముందుకు దూకితే ప్లస్ సరిగా ఉన్నట్టని చూసుకుని, మార్చి కలిపాను.

అప్పుడు వరంగల్ రేడియో లేదు, ఎఫ్ఎం 103.5 అనేది తర్వాతి సంగతి. మాకు క్యాసెట్లే. ఇళయరాజా పాట ఒకటి పెట్టాను. బేసు గిటార్ గోడలోంచి నడిచి వచ్చి నడింట్లో నిలబడింది. ఎదురింటి మగ్గం ఆగింది. కుండ స్పీకర్‌ను తిట్టిన నాయనమ్మ గడప మీద కూర్చుంది. నేను బాపు మొహం వైపు చూశాను. ఆయన పాట వింటలేడు. బాక్సు పక్కన గొంతుకూర్చుని అరచెయ్యి పక్క ముఖానికి ఆనించి పెట్టాడు. పాట సగం దాకా అట్లనే ఉన్నాడు.

"కట్టె కదుల్తలేదు" అన్నాడు.

దసరాకు ఆ బాక్సులు వాడకట్టులో అందరి చెవినా పడ్డాయి. ఆ తర్వాత బాపు పదకొండు జతలు చేశాడు. హన్మకొండకు నాలుగు, కాజీపేట రైల్వే క్వార్టర్లకు మూడు, మిగతావి మా దగ్గరివాళ్లకు. వెల మాత్రం దర్వాజకు వేసినట్టే ఘనపుటడుగుల లెక్కన కట్టేవాడు, దూది డబ్బులు వేరే. ఒక పెళ్లికి అడిగి తీసుకుపోయిన జత పందిరి కింద వానలో తడిసి అంచులు లేచి వచ్చింది. వాటిని మళ్లీ ఇస్త్రీ చేసి కూర్చోబెట్టాడు. 2000 దాటాక ప్లాస్టిక్ డబ్బాల సెట్లు, అయిదు స్పీకర్లు ఒక వూఫర్, ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. అవే చాలనుకున్నారు జనం. తప్పు పట్టను, వాటిలో సగం ధరకు నాకే నచ్చినవి ఉన్నాయి.

మా జత ఇప్పుడు హన్మకొండలో నా ఫ్లాట్‌లో ఉంది. స్పీకర్ల అంచు ఫోమ్ పొడిపొడిగా రాలిపోతే రెండుసార్లు మార్పించాను. యాంప్లిఫయర్ మూడోది. బాక్సులు మాత్రం అవే. ఎండాకాలాలు ముప్పైకి పైగా పోయాయి, నెర్రె లేదు. ఎడమదాని పక్కన, కుడిదాని పక్కన పేజీ తెరిచినట్టు చారలు ఎదురెదురుగా అట్లనే చూసుకుంటున్నాయి, రంగు మాత్రం తేనెలా ముదిరింది.

చిక్కల్లా ఒక్కటే. ఈ ఫ్లాట్ హాల్లో గోడ లేదు. హాలుకూ వంటింటికీ మధ్య అంతా ఖాళీ వదిలి కట్టారు. బాక్సులు ఎక్కడ పెట్టినా కుడిదాని వెనక ముఖం వంటింట్లోంచి నేరుగా కనిపిస్తుంది. బోసి ప్లై, దాని మీద బాపు పెన్సిల్ గీత ఒకటి, ఫెవికాల్ కారిన మరక ఒకటి. చుట్టాలొచ్చినప్పుడల్లా మా ఆవిడ దానికి క్యాలెండర్ ఆనించి పెడుతుంది. మూడేళ్ల కింద టేకు వినీర్ ఆకు ఒకటి కొని తెచ్చాను. అల్మారా మీద చుట్టగానే ఉంది. చార కలవదు, అది వేరే చెట్టు. ఇంట్లో ఉన్న ఇస్త్రీ పెట్టె కూడా చేతికి బరువే అనిపించదు, అడుగున ఆవిరి బొక్కలు. బొగ్గులది ఎక్కడైనా దొరుకుతుందేమో చూడాలి.